నలభై ఆరు సభలకు మ్రోగని గంట

ఆ మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు ఇయాంతీ మోడెస్ట్, క్లోజియర్ అనే కొండమీదినుంచి బస్సులో దిగివచ్చింది. ఒడిలో పిండిసంచితో చుట్టిన బరువైన వస్తువొకటి ఉంది. దానిని వెనుక సీటు క్రింద పెడతానని డ్రైవరు ఎంత బ్రతిమాలినా ఆమె ఒప్పుకోలేదట. "రెండేళ్లు నా మంచం పక్కనే పెట్టుకున్నా. ఇంకో అరగంట ఒళ్లో పెట్టుకుంటే అరిగిపోనులే," అన్నదట. రేవు ఒడ్డున చేపల సహకార సంఘంవారి మేడ ముందు దిగి, మెట్లపై మూడుచోట్ల ఆగి, పైగదిలోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా తన పాత కుర్చీలో కూర్చుంది. మా ఊరిలో గదిలోకి వచ్చినవాళ్లు ఉన్నవాళ్లను పలకరించకపోవడం చెంప మీద కొట్టినంత పని. అది ఆమెకు తెలియనిది కాదు.

జబ్బు భయంతో మూతపడిన, మా దీవిలోని గ్వావ్ ఊరి సేవాసంఘం మళ్లీ ముఖాముఖి కూడిన మొదటి దినమది. సంచిలో ఉన్నది మా సంఘపు గంట.

ఆమెను గురించి వ్రాయడానికి నాకంటె యోగ్యులు ఉండవచ్చు. కాని ఆమెకు జరిగిన అన్యాయాన్ని కలంతో నమోదు చేసినవాణ్ణి నేను. ముప్పైయేళ్లు బడిపంతులుగా పనిచేసి, ఆ తరువాత సంఘానికి కార్యదర్శినై, హాజరుపట్టీ వ్రాస్తూ వచ్చాను. కనుక మిగిలిన కథ కూడ నా చేతనే వ్రాయబడడం సబబు.

ఇయాంతీ పదిహేనవ యేట జాజికాయల గిడ్డంగిలో చేరింది. జాపత్రి ఒలిచి, ఆరబెట్టి, పెంకు పగులగొట్టిన కాయలను నీళ్లతొట్టిలో పోస్తే మేలైనవి మునుగుతాయి, తాలు తేలుతుంది. ఆ తొట్టి దగ్గర ఆమె నలభై రెండేళ్లు నిలబడింది. చివరి పద్దెనిమిదేళ్లూ మేస్త్రీగా చేసింది. ఎంత కడిగినా ఆమె వేళ్లనుండి ఆ వాసన పోయేది కాదు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముగ్గురు అడిగారమ్మా. ముగ్గురూ తేలారు," అని తేల్చివేసేది.

ఆమె తల్లి క్లెమెంటీనా ప్రతి మంగళవారం మధ్యాహ్నం మా సంఘపు గది తుడిచేది. అప్పటికి సంఘం పెట్టి ఎంతోకాలం కాలేదు. సభ్యులందరూ మగవారే. గోడమీద నల్లని కొయ్యపలక ఉండేది, ఇప్పటికీ ఉంది. దానిమీద ఏటేటి అధ్యక్షుల పేర్లు బంగారు రంగుతో వ్రాసి ఉంటాయి. పని లేని రోజుల్లో ఇయాంతీ తల్లికి బకెట్టు మోయడానికి వచ్చి ఆ పేర్లు పైకి చదివేది. చదువు రాని క్లెమెంటీనా నేల తుడుస్తూనే ఒకనాడు అడిగిందట.

"అందులో ఆడమనిషి ఒక్కతైనా ఉందా?"

"లేదమ్మా."

"అయితే నీళ్లు మార్చు."

ఆ మాటను ఇయాంతీ నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ నవ్వకుండానే చెప్పింది.

స్త్రీలను చేర్చుకోవచ్చునని సంఘం తీర్మానించిన యేడు చేరిన మొదటి స్త్రీ ఆమెయే. మా సంఘంలో అధ్యక్ష పదవికి పోటీ లేదు. చేరిన వరుసను బట్టి వంతు వస్తుంది. వంతు వదులుకొన్నవారు వరుసలో చివరకు పోవాలి. ఆమె వంతు ఇవాన్ తుఫాను వచ్చిన మరుసటి యేడు వచ్చింది. అప్పుడు ఊళ్లో కప్పున్న ఇల్లు లేదు. కలప దుకాణం యజమాని డెస్మండ్ డూమాంట్ ఆమె ఇంటికి వెళ్లి, టోపీ చేతబట్టుకొని నిలబడి, "ఇయాంతీ, నా దగ్గర లారీ ఉంది, కలప ఉంది. ఈ ఒక్క యేడు నాకియ్యి," అని అడిగాడు. ఆమె ఇచ్చింది. ఇచ్చి పదిహేనేళ్లు వేచింది. ఆ మధ్యలో తల్లి చనిపోయింది.

ఆ పదిహేనేళ్లూ ఆమె సంఘానికి సార్జెంటు. ఆలస్యంగా వచ్చినవారిని, పేరుబిళ్ల మరచినవారిని, సభలో ఫోను మ్రోగించినవారిని లేపి నిలబెట్టి శిక్ష వేయడం ఆ ఉద్యోగం. శిక్ష ఎప్పుడూ ఒకటే: సభ ముగిశాక అందరి కప్పులూ కడగాలి. అతిథిగా వచ్చిన పెద్ద అధికారి చేత కూడ ఆమె కప్పులు కడిగించింది. గంట బాధ్యత కూడ ఆమెదే. అది మునిగిపోయిన ఒక తెరచాప ఓడది. మూడునెలలకొకసారి ఇంటికి తీసుకొనిపోయి, నిమ్మకాయతోను బూడిదతోను తోమి, తెచ్చి బల్లమీద పెట్టేది.

రెండువేల ఇరవై మార్చిలో జరిగిన చివరి సభనాడు కూడ ఆమె గంటను తోమడానికే తీసుకొనిపోయింది. వచ్చే జూలైలో ఆమె వంతు. ఆ వారంలోనే ఊరు మూతపడింది.

డెస్మండ్ కొడుకు ఆల్విన్ డూమాంట్ అప్పుడు ఉపాధ్యక్షుడు. వరుసలో ఇయాంతీ తరువాతివాడు. చురుకైనవాడు, మాటకారి. పక్షానికొకసారి ఫోను తెరమీద సభలు జరిపించే ఏర్పాటు అతడే చేశాడు. గంట లేదు గనుక గ్లాసును చెంచాతో కొట్టి సభ ప్రారంభించేవాడు. మొదటిసారి అందరమూ నవ్వాము. రెండవసారినుంచి అది అలవాటైపోయింది.

కొండమీద ఇయాంతీ ఇంట్లో ఫోను పలకదు. శ్మశానం మలుపు దాకా నడిచివస్తే తప్ప మాట అందదు. అక్కడినుంచే ఆమె ఆల్విన్‌కు ఫోను చేసి, "నాకు తెర గిర ఏం లేదు నాయనా, ఏం చెయ్యమంటావు?" అని అడిగింది. "చూద్దాంలే టాంటీ, నువ్వు కంగారుపడకు," అన్నాడతడు. పెద్ద వయసు ఆడవారిని మా దీవిలో టాంటీ అని పిలుస్తారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసికూడ నాలుగు సభలకూ ఆమె పేరు ఎదుట గైరుహాజరు గీత గీశాను. రాదలచుకోనివారికీ రాలేనివారికీ పట్టీలో ఉన్నది ఒక్కటే గీత. ఐదవ సభలో ఆల్విన్ నియమావళి తెరిచి, వరుసగా నాలుగు సభలకు రానివారు తమ వంతు కోల్పోతారన్న నిబంధనను ఎంతో బాధపడుతున్నట్లు చదివాడు. చేతులెత్తడం మూడు నిమిషాల్లో అయిపోయింది. ఎత్తిన చేతుల్లో నాదీ ఒకటి.

ఈ వార్త ఆమెకు ఎవరమూ చెప్పలేదు. రొట్టెలబండి నడిపే మనిషి చెప్పాడు.

"టాంటీ, నిన్ను తీసేశారటగా?"

"రెండు రొట్టెలియ్యి," అని ఆమె అన్నదట. అంతే.

తరువాత కొన్నాళ్లకు బజారులో మాస్కు కట్టుకొని నాకెదురైంది. నిష్ఠురంగా ఒక్క మాటయినా అనలేదు. "మాస్టారూ, మన నియమావళి ఒకసారి ఇస్తారా? పొద్దుపోవట్లేదు," అని అడిగింది. ఇచ్చాను. రెండేళ్లపాటు అది తిరిగి రాలేదు.

ఆల్విన్ మొదటి యేడు అధ్యక్షుడయ్యాడు. పరిస్థితులు బాగాలేవని రెండవ యేడూ కొనసాగాడు. రెండుసార్లూ పలకమీద పేరు వ్రాయించుకొన్నాడు. మళ్లీ గదిలో కూడుదామని నిశ్చయమైనప్పుడు గంట కోసం కొండమీదికి మనిషిని పంపుతానని కబురు చేశాడు. "నేనే తెస్తా. నీ మనుషులకి బరువెక్కువ," అని ఆమె జవాబు పంపింది.

ఆనాడు పద్నాలుగుమందిమి వచ్చాము. కుర్చీలు దూరదూరంగా వేశారు. మూలన పెద్ద కుండతో ఆయిల్‌డౌన్ పెట్టారు. సీమపనస, చేమాకు, ఉప్పుమాంసం కొబ్బరిపాలలో ఉడికిన వాసన గది అంతా కమ్ముకొని ఉంది. ఆల్విన్ అధ్యక్షుని గొలుసు మెడలో వేసుకొని ఒక్కొక్కరికీ మోచెయ్యి తాకిస్తూ తిరుగుతున్నాడు.

"రా టాంటీ రా! నువ్వు లేక ఈ గది గదిలా లేదనుకో," అంటూ ఆమెకూ మోచెయ్యి చాపాడు.

ఆమె దానిని ఎగాదిగా చూసింది. "అది జాగ్రత్తగా దాచుకో అబ్బాయ్. ఇవాళ దాంతో పనుంది."

కిటికీ దగ్గరనుంచి హ్యూబర్ట్ భోలా అరిచాడు. ఆయన ఎనభై నాలుగేళ్ల ముసలి జాలరి, మా అందరిలో పెద్ద. "ఏమే ఇయాంతీ, బతికే ఉన్నావా?"

"నిన్ను సాగనంపకుండా నేనెక్కడికి పోతాను హ్యూబర్టన్నా?"

"నోరు మాత్రం తుప్పుపట్టలేదు దీనికి," అని ఆయన సంతోషించాడు.

ఐదు కొట్టగానే ఆమె సంచి విప్పి గంటను బల్లమీద పెట్టింది. అది బంగారంలా మెరుస్తున్నది. సంచిని నాలుగు మడతలు పెట్టి ఒడిలో ఉంచుకొంది. ఆల్విన్ చెయ్యి చాపాడు, కాని గంట కొట్టే చిన్నసుత్తి ఆమె పిడికిట్లో ఉంది.

"ఒక్క మాట అడగాలి. ఇన్నాళ్లూ సభలు ఎన్ని జరిగాయి?"

"నలభై ఆరు టాంటీ! ఒక్కటీ తప్పలేదు. ఊరంతా ఇంట్లో కూర్చున్నా మనం ఆగలేదు." అతని గొంతులో గర్వముంది. అది అబద్ధపు గర్వమని అనలేను.

"ఎలా మొదలెట్టేవాడివి?"

"గ్లాసు మీద చెంచాతో." అందరివైపూ తిరిగి నవ్వాడు. "గంట నీ దగ్గరుందిగా మరి!"

"నన్ను అడిగావా?"

"కర్ఫ్యూలో కొండెక్కి గంటకోసం ఎవరొస్తారు టాంటీ?"

"సరే." గౌను జేబులోనుంచి నా నియమావళి తీసి నాకందించింది. "మాస్టారూ, ఏడో నిబంధన. మీరే చదవండి. నేను చదివితే కల్పించానంటారు."

పుట చివర పెన్సిలు గీత ఉంది. ఆ నిబంధనను నేను నూరుసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ చదవలేదు. సంఘాన్ని స్థాపించిన మేజిస్ట్రేటు గిటెన్స్‌గారి మాటలవి. సంఘపు గంట మ్రోగకమునుపు సభ్యులు కూడి చెప్పుకొన్నది సంభాషణ మాత్రమే. సంఘపు గంట మ్రోగిన పిమ్మట కూడినదే సభ. వేరొక ధ్వని గంటకు బదులు కానేరదు.

హ్యూబర్ట్ తొడ చరిచాడు.

"ఓరి దేవుడా! అయితే రెండేళ్లు కబుర్లు చెప్పుకున్నారన్నమాట!"

"నలభై ఆరుసార్లు," అంది ఇయాంతీ. "జరగని సభకి నేను రాకపోవడమేంటి? రాకపోవడమే లేకపోతే వంతు పోవడమేంటి? ఆ గొలుసు తియ్యి అబ్బాయ్."

ఆల్విన్ మొహం ఎర్రబడింది. "టాంటీ, అది ఎప్పటి రూలు! కరెంటు కూడా లేనప్పుడు రాసింది. ఇప్పుడెవడు పట్టించుకుంటాడు దాన్ని?"

"నాలుగుసార్లు రాకపోతే వంతు పోతుందన్న రూలు దాని పక్కపేజీలోనే ఉంది. రాసిన చెయ్యి ఒకటే, సిరా ఒకటే. అది మాత్రం బాగా పట్టించుకున్నావుగా?"

ఎవరమూ తలలెత్తలేదు. అతడు నావైపు చూశాడు. నేను పుస్తకంవైపు చూశాను.

"అలాగే కానీ," అని అతడు లేచాడు. "అయితే ఆరోగ్యకేంద్రానికి ఆక్సిజన్ మిషన్ ఇచ్చాం, అదీ లేనట్టేనా? అరవై నాలుగిళ్లకి సరుకులు పంచాం, అదీ లేదా? షెర్మెయిన్‌ని చేర్చుకున్నాం, ఆమె ఏమవ్వాలి? నీ పంతం కోసం వీటన్నిట్నీ నీళ్లలో పోస్తావా?"

షెర్మెయిన్ లూయిసన్ ఆరోగ్యకేంద్రంలో నర్సు. తెరమీది సభలోనే మాలో చేరింది. ఆ రెండేళ్లలో ఊరిలో సగం మందిని కాపాడింది. ఆమె మెల్లగా పేరుబిళ్ల విప్పి బల్లమీద పెట్టి, "అయితే నేనెవర్ని టాంటీ?" అంది. అప్పుడు ఇయాంతీ ముఖంలో ఏదో కదలడం చూశాను. గెలుస్తున్న మనిషి ముఖం కాదది. కాని సుత్తి పట్టిన పిడికిలి సడలలేదు.

"నీళ్లలో పోస్తాననే అన్నావుగా? నలభై రెండేళ్లు నా పని అదే. మంచివి మునుగుతాయి, తాలు తేలుతుంది. షెర్మెయిన్, నువ్వు కూర్చో తల్లీ, నువ్వు మునిగే కాయవే. కాని ఓ పది నిమిషాలు మాట్లాడకు. నువ్వింకా సభ్యురాలివి కాదు."

అధ్యక్షుడు లేనప్పుడు వచ్చినవారిలో పెద్దవయసువారు గంట కొట్టాలని అదే పుస్తకంలో ఉంది. ఇయాంతీ సుత్తిని హ్యూబర్ట్ చేతిలో పెట్టింది. ఆయన రెండుచేతులా ఎత్తి కొట్టాడు. రెండేళ్ల మౌనం తరువాత ఆ శబ్దం గదిలోనుంచి రేవుమీదికి పోయింది. క్రింద చేపలు కోస్తున్నవాళ్లు కత్తులాపి పైకి చూశారు.

ఆల్విన్ గొలుసు తీయబోతే అది మాస్కుదారానికి చిక్కుకొంది. విడదీయడానికి ఎవరూ లేవలేదు. అతడు తంటాలుపడుతున్నంతసేపూ ఆమె చేతులు కట్టుకొని నిలబడింది.

గొలుసు తన మెడలోకి రాగానే ఆమె కూర్చుంది. ఆ రెండేళ్లలో చేసిన పనులన్నిటినీ ఒక్కొక్కటిగా ఆల్విన్ చేతనే లేచి చదివించింది, ప్రతిపాదింపజేసింది, చేతులెత్తించింది. మొదటిది షెర్మెయిన్ చేరిక. ప్రతిదానికీ అతడు లేవాలి, చదవాలి, కూర్చోవాలి. గంటన్నర గడిచింది. కుండ చల్లారిపోయింది. "తిన్నాక చేద్దాం ఇయాంతీ," అన్నవారికి, "పదిహేనేళ్లు ఆగాను, ఆకలేం కాలేదు," అని జవాబిచ్చింది.

సరుకుల పంపకం వంతు వచ్చింది.

"అరవై నాలుగిళ్లలో క్లోజియర్ కొండమీదిది ఉందా?"

"ఉంది టాంటీ."

"ఎవరిది?"

"నీదే."

"ఎవరు తెచ్చారు?"

"నేనే తెచ్చాను. లారీలో."

"ఎప్పుడు? నా వంతు తీసేయకముందా, తర్వాతా?"

అతడు నేలచూపు చూశాడు. "తర్వాత వారం."

"గేటు దగ్గర నన్ను చూసి ఏమన్నావు?"

"జాగ్రత్త టాంటీ, అన్నాను."

"ఇంకేమైనా అన్నావా?"

అతడు చేతిలోని కాగితం మడతపెట్టాడు.

"రాసుకోండి మాస్టారూ. ఇంకేమీ అనలేదు." ఒడిలోని సంచిని తీసి, మడత నలగకుండా, బల్లమీదుగా అతని ముందుకు జరిపింది. సరుకులు పంచేటప్పుడు దానిమీద వేసిన డూమాంట్ దుకాణం ముద్ర అప్పుడు కనబడింది మాకు. "పిండి బాగుంది. పురుగు లేదు. నీ సంచి నీకు తిరిగిచ్చేశాను. ఇక నీకూ నాకూ ఏమీ లేదు."

చివరిది చనిపోయినవారి వరుస. మా సంఘంలో సభ్యుడు పోతే ఒక్కొక్క పేరుకు ఒక్కసారి గంట కొడతాము. ఆ రెండేళ్లలో ముగ్గురు పోయారు. మాజీ అధ్యక్షుడు కత్‌బర్ట్ ఆంత్వాన్, దర్జీ పనిచేసే యూడీన్, మూడవవాడు ఆల్విన్ తండ్రి డెస్మండ్. వారికీ గ్లాసు శబ్దమే దక్కింది. ఇయాంతీ లేచి నిలబడి మొదటి రెండు పేర్లకూ కొట్టింది. మూడవదానికి ఎత్తిన సుత్తి ఆగిపోయింది. ఆమె చూపు పలకమీద ఇవాన్ తుఫాను తరువాతి యేటి ఎదుట ఉన్న డెస్మండ్ పేరు మీద ఉంది.

ఆల్విన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "టాంటీ... నాన్నకి కూడా కొట్టు."

"నువ్వు దేంతో కొట్టావు మీ నాన్నకి?"

"చెంచాతో."

"దేని మీద?"

"గ్లాసు మీద. ఇంట్లో ఏముంటే అది... ఇంక చాల్లే టాంటీ."

"చాలదు. డెస్మండ్ నా వంతు తీసుకున్నాడు. కాని టోపీ తీసి నా గుమ్మంలో నిలబడి, నా మొహం చూసి అడిగి తీసుకున్నాడు. అందుకని కొడుతున్నా. నువ్వు అడిగావని కాదు."

కొట్టింది. మూడింటిలోనూ అదే గట్టి దెబ్బ. ఆల్విన్ మాస్కు తడిసిపోయింది. ఆమె అతనివైపు తిరగలేదు. తరువాత తన మామూలు గొంతుతో, సార్జెంటు పదవి ఖాళీ అయినది గనుక దానికి ఆల్విన్ డూమాంట్‌ను నియమిస్తున్నానని, మూడునెలలకొకసారి గంటను అతడే ఇంటికి మోసుకొనిపోయి తోమి తేవాలని ప్రకటించింది. కప్పులు ఎవరు కడగాలని హ్యూబర్ట్ అడిగాడు.

"చెంచా ఎవరి దగ్గరుందో వాళ్లే."

చల్లారిన ఆయిల్‌డౌన్ అందరమూ తిన్నాము. ఆల్విన్ వెనుకగదిలో తొట్టి దగ్గర నిలబడి పద్నాలుగు కప్పులు కడిగాడు. ఏడో ఎనిమిదో అయ్యాక ఇయాంతీ తలుపు దగ్గరికి వెళ్లి తొట్టిలోకి తొంగిచూసింది.

"నీళ్లు మార్చు, అబ్బాయ్."

అతడు మార్చాడు.

నన్ను వదిలిపెడుతుందని అనుకొన్నాను. లేచి టోపీ పెట్టుకొంటుండగా హాజరుపట్టీ తెచ్చి నా ముందు పెట్టింది. "మీరు గీసిన గీతలున్నాయిగా మాస్టారూ. ఒక్కొక్క సభకీ ఎదురుగా 'సభ జరగలేదు' అని రాయండి. మీ చేత్తోనే. నాకేం తొందర లేదు, చివరి బస్సు ఎనిమిదిన్నరకి." నా వేళ్లకు వాతమని ఆమెకు తెలుసు. నలభై ఆరుసార్లు వ్రాశాను. ఎదుట కూర్చుని ప్రతి పంక్తినీ చదివింది. ముప్పై రెండవది వంకరగా వచ్చిందని మళ్లీ వ్రాయించింది. క్షమించమని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె వేలితో తరువాతి గడి చూపించింది.

మరుసటి వారం బోర్డులు వ్రాసే మనిషి వచ్చాడు. పలకమీద క్రింద చాలా చోటుంది. కొత్త పేరు అక్కడ వ్రాస్తే శుభ్రంగా ఉంటుందని అతడన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆల్విన్ పేరు రెండు వరుసలనూ కొయ్య తెల్లబడేదాకా గీకించి, ఆ గాటు మీదనే, రెండువేల ఇరవైకి ఎదురుగా, తన పేరు వ్రాయించింది. ఆరిన తరువాత కూడ అడుగున గీకిన పాత అక్షరాల చాయ కొంచెం కనబడుతూనే ఉంది. మరొక పూత వేస్తే పోతుందని బోర్డు మనిషి చెప్పాడు.

"వద్దు," అంది ఇయాంతీ. "కనబడనీ."